పూచీ ఇవ్వని మనిషి

పోయిన వారం మా మిద్దె మీద సోలార్ మొరాయించింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎండ పెళపెళలాడుతోంది, మీటరు మాత్రం నిద్రపోతోంది. కంపెనీవాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేసి, నాలుగు మాటలు అని, నాలుగు పడ్డాక ఒక కుర్రాడొచ్చాడు. గడ్డం పెంచాడు, నడుముకి పనిముట్ల సంచి, తలకి తువ్వాలు. నేనూ అతని వెనకే మిద్దె ఎక్కాను. పనిచేసేవాళ్ళ వెనక నిలబడి చూడటం నాకున్న చెడ్డ అలవాటు, ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా పోలేదు. అతను సంచి దించి, చేతులు తుడుచుకుని, టెస్టర్ పెట్టి చూసి, ఆ తర్వాత గోడకున్న ఇనప పెట్టెని ముట్టుకున్నాడు. అరచేత్తో కాదు. చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో, పసివాళ్ళకి జ్వరం చూసినట్టు.

“నువ్వు ముత్తుకూరు సెంటర్లో నేర్చుకున్నావా నాయనా?” అన్నాను.

అతను వెనక్కి తిరిగి నవ్వాడు. “గుర్తుపట్టలా మేడమ్? నేను కొడవలూరు.”

కొడవలూరు అతని పేరు కాదు, ఊరు. ఆ బ్యాచిలో ఎవరిని కదిపినా ముందు ఊరి పేరే చెబుతారు. ఎందుకంటే ఆ సెంటర్లో పని నేర్పిన సార్ వాళ్ళని అలాగే పిలిచేవారు. “ఏమబ్బా చిల్లకూరూ, ఆ వైరు అట్టా మెలి తిప్పితే ఎట్టా?” “ఇట్టా రా కొడవలూరూ.” చిల్లకూరు నుంచి ఇద్దరు వచ్చిన ఏడు, ఒకడు పొడుగు చిల్లకూరు అయ్యాడు, ఇంకొకడు పొట్టి చిల్లకూరు అయ్యాడు. తల్లిదండ్రులు పెట్టిన మంచి పేర్లు హాజరు పట్టీలోనే ఉండిపోయాయి.

పేరు పెట్టి పిలవచ్చు కదా సార్ అని ఒకసారి అడిగాను. “పేర్లు మరిచిపోతా టీచరమ్మా. ఊరు మరిచిపోను. రేపు ఏదన్నా అయితే ఏ ఊరికి పోయి చెప్పాల్నో తెలిసుండాల గదా” అన్నారు, మజ్జిగ తాగుతూ, ఎంతో మామూలుగా. నాకు ఒళ్ళు మండిపోయింది. మనం పిల్లల్ని ఉద్యోగాలకి తయారు చేస్తున్నామా, శవాలకి చీటీలు కడుతున్నామా అనిపించింది. ఆ మాట పైకి అనేశాను కూడా. ఆయన గ్లాసు కింద పెట్టి, “రెండూ ఒకటే పని గాదు లెండి” అని నవ్వి, క్లాసుకి వెళ్ళిపోయారు.

ఆయన పోయిన వేసవిలో చనిపోయారు. పేరు రాయను. రాస్తే, “నా పేరుతో మీకేం పని టీచరమ్మా” అని దెప్పుతున్నట్టే ఉంటుంది.

మా సెంటరు ముత్తుకూరులో, లారీల దుమ్ము పడే రోడ్డు పక్కన ఉండేది. ఇంటరో, ఐటీఐయో చదివి ఖాళీగా తిరుగుతున్న పిల్లలకి సోలార్ పని నేర్పి ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో పెట్టడం దాని పని. ఆయన పని నేర్పేవారు. నేను ఇంగ్లీషు నేర్పేదాన్ని. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, అవతలివాడు నవ్వితే నవ్వాలా వద్దా, ఇవన్నీ కూడా నా సబ్జెక్టే. మేనేజరు చిన్నవాడు, మంచివాడు, పోస్టర్లంటే ప్రాణం పెట్టేవాడు. గేటు దగ్గర మొదలుపెడితే బాత్రూము దాకా పోస్టర్లే. పచ్చని ఉద్యోగం, పచ్చని భవిష్యత్తు అని ఆకుల బొమ్మలు వేయించాడు. ఆయన ఆ పోస్టరు ముందు నిలబడి, కళ్ళజోడు పైకెత్తి చదివి, “పచ్చగా ఉండేది వరి పైరు. ప్యానెల్ నల్లగా గదా ఉండేది” అన్నారు. ఆ రోజంతా మేనేజరు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

ఆయన ఉద్యోగమంతా థర్మల్ ప్లాంటులో, స్విచ్ యార్డులో గడిచింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక సోలార్ నేర్చుకుని మాకు వచ్చారు. ఆడిపోసుకునేవాళ్ళు ఉంటారు కదా, “ఇన్నాళ్ళు బొగ్గు పొగ కింద బతికి ఇప్పుడు ఎండని పొగుడుతున్నావే” అనేవారు. ఆయనకి కోపం వచ్చేది కాదు. “బొగ్గు నాకు అన్నం పెట్టింది, దాన్ని తిట్టను. ఎండ ఈ పిల్లకాయలకి పెడతాది, దాన్నీ పొగడను. పొగిడితే పని నేర్పలేం” అనేవారు.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. కరెంటు తగిలితే కండరం ముడుచుకుంటుందట. అరచేత్తో పట్టుకుంటే ఆ చెయ్యి దాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వెనక చేత్తో తాకితే దూరంగా లాక్కుంటుంది. అందుకని, అన్నీ ఆపామని తెలిసినా, టెస్టర్ పెట్టి చూసినా, ఆఖరున వెనక చేత్తో ఒకసారి తాకమనేవారు. ఆయనకి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే ప్రపంచంలో దేన్నయినా ముందు అలాగే ముట్టుకునేవారు. టీ గ్లాసు, గేటు గొళ్ళెం, బస్సులో కడ్డీ, మా ఇంటికి భోజనానికి వస్తే అరిటాకు. కొత్తగా చేరిన పిల్లవాడి భుజం తట్టాలన్నా వెనక చెయ్యే. మొదట్లో పిల్లలు చాటుగా అనుకరించి నవ్వుకునేవాళ్ళు. బ్యాచి అయిపోయే వేళకి వాళ్ళకి తెలియకుండానే వాళ్ళూ అదే పని చేసేవాళ్ళు.

బ్యాచి మొదటి రోజు ఆయన చేసే పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మేనేజరు మొహమే గుర్తొస్తుంది. పిల్లల్ని క్లాసులోకి రానిచ్చేవారు కాదు. మిట్ట మధ్యాహ్నం పెరట్లో, చెట్టు నీడ లేని చోట నిలబెట్టి, తానూ వాళ్ళతో పాటే నిలబడి మాట్లాడేవారు. “ఇదే మీ ఆఫీసు. ఇంకా ఎక్కువ ఎండ ఉంటాది. అనంతపురం వైపు పోతే కనుచూపు మేరలో నీళ్ళ కుండ గూడా ఉండదు. ప్యానెళ్ళ కింద నీడకి పాములు చేరతాయి. థర్మల్లో అయితే స్విచ్ ఆపితే కరెంటు ఆగతాది. దీన్ని ఆపాలంటే సూర్యుణ్ణి ఆపాల. పొద్దుండేంతసేపూ ప్యానెల్లో కరెంటు పుడతానే ఉంటాది, మీరు ఏమరుపాటుగా ఉండేదాకా కాచుకోనుంటాది. మొదట్లో కాంట్రాక్టు ఉద్యోగమే. ఇంటికి దూరం. ఇదంతా ఇని గూడా చేస్తామనేవోళ్ళు లోపలికి రాండి, మజ్జిగ ఉంది.”

కొంతమంది మజ్జిగ కూడా తాగకుండా ఇంటికి పోయేవాళ్ళు. సీట్లు నిండకపోతే పైవాళ్ళు తనని తింటారని మేనేజరు గోడకి తలబాదుకునేవాడు. నాకూ ఆయన చేసేది నచ్చేది కాదు. పిల్లలకి ధైర్యం చెప్పడమే చదువు చెప్పడం అనుకునేదాన్ని అప్పట్లో. మేం ఇద్దరం దాని మీద చాలాసార్లు వాదించుకున్నాం. ఆయన వాదనలో గొంతు పెంచేవారు కాదు, అందుకని నేనే రెండు గొంతులకి సరిపడా అరిచేదాన్ని.

నా క్లాసులోకి ఆయన ఒకసారి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. నేను పిల్లల చేత ‘ఐ యామ్ హార్డ్ వర్కింగ్, ఐ యామ్ ఎ టీమ్ ప్లేయర్’ అని వల్లె వేయిస్తున్నాను. అయిపోయాక చెయ్యెత్తారు.

“టీచరమ్మా, నాకు తెల్దు అనేది ఇంగ్లీషులో ఎట్టా చెప్పాల్నో ముందు అది నేర్పండి.”

“ఇంటర్వ్యూలో ఎవరైనా తెలియదని చెబుతారా సార్?”

“చెప్పాల. తెల్దని చెప్పడం సిగ్గయినోడు తెలిసినట్టు చెయ్యి పెడతాడు. చెయ్యి పోతాది.”

ఆ రోజు నుంచి ‘ఐ డోంట్ నో సర్, ఐ విల్ చెక్’ మా మొదటి పాఠం అయింది. దాని ఫలితం కూడా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. ఈ కొడవలూరు అనేవాడు మొదటి ఇంటర్వ్యూలో అన్ని ప్రశ్నలకీ అదే జవాబు చెప్పి ఇంటికి పోయాడు. ఆఖరికి మీ నాన్న ఏం చేస్తాడు అని అడిగినా ‘ఐ విల్ చెక్’ అన్నాడట. సార్ అది విని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తెలిసింది తెలిసినట్టు ఎలా చెప్పాలో వారం రోజులు నేర్పించారు.

అదే ఇంటర్వ్యూలో కామాక్షి ఎంపికైంది. ఆయన గురించి రాయాలంటే నాకు ఈ పిల్ల గురించి రాయక తప్పదు.

కామాక్షిది సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాళెం, చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఆయన ‘పాళెం’ అని పిలిచేవారు. తండ్రి వేటకి పోతాడు, తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంది. ఇంట్లో మాట తల్లిదే. పిల్ల మాత్రం మహా పెంకిది. బ్యాచిలో మగపిల్లలు పట్టుకోవడానికి జంకే పనిని ముందు తానే పట్టుకునేది. ప్యానెళ్ళు కదలకుండా ఆపడానికి తాడు కావాల్సి వస్తే పడవ ముళ్ళు వేసేది. అవి ఎవరికీ ఊడదీయడం చేతనయ్యేది కాదు. “నీ ముడి ఇప్పాలంటే మీ నాయన్ని పిలిపించాల” అని సార్ విసుక్కునేవారు. విసుగులో మురిపెం కనబడేది.

పిల్లలకి నిజమైన చోట పని చేయించాలని వాళ్ళ పాళెంలోనే, జనం వలలు బాగుచేసుకునే షెడ్డు మీద కొన్ని ప్యానెళ్ళు పెట్టించారు సార్. వాటితో షెడ్డులో ఫ్యాన్లు, లైట్లు నడిచాయి. ఊరంతా సంతోషపడింది. కొన్నాళ్ళకి ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయని కబురొచ్చింది. అందరం వెళ్ళాం. పొట్టి చిల్లకూరు వైర్లు చూశాడు, పొడుగు చిల్లకూరు పెట్టె చూశాడు, ఎక్కడా లోపం లేదు. ఎండ మాత్రం దివ్యంగా ఉంది. చివరికి సార్ నిచ్చెన ఎక్కి, పైన తల పెట్టి, కొంచెంసేపు అలాగే ఉండిపోయారు.

“పాళెం, ఇట్టా రామ్మా” అన్నారు మెల్లిగా.

ప్యానెళ్ళ నిండా నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. వరసలు తీర్చి, ఎక్కడా ఒకదాని మీద ఒకటి పడకుండా, ఎంతో శుభ్రంగా. ఆ పని చేసింది ఇంకెవరో కాదు, కామాక్షి తల్లి. కింద నిలబడి ఆమే చెప్పింది, ఏమాత్రం తప్పు చేశానన్న ధ్యాస లేకుండా. “నున్నగా అద్దం మాదిరి ఉండాది గదా సార్. ఇసక అంటదు. వాటంగా ఉండాది కాబట్టి నీళ్ళు కారిపోతాయి. కాకి వాలితే కాలు జారి పడతా ఉండాది. ఇంత మంచి చోటు ఊళ్ళో యాడుంది?”

మేమందరం నవ్వలేక చచ్చాం. కామాక్షికి మాత్రం తల కొట్టేసినట్టయింది. “నీకేమన్నా బుద్ధుందా మా?” అని తల్లి మీద విరుచుకుపడింది. సార్ చెయ్యెత్తి ఆపారు.

“అమ్మని అనబాకు. నిచ్చెన ఎవురు నిలబెట్టి పోయినారు?”

పని అయ్యాక నిచ్చెన నేల మీద పడుకోవాలి అనేది ఆయన నియమం. నిలబడి ఉన్న నిచ్చెన ఎవరినైనా ఎక్కమంటుంది అనేవారు. పోయినసారి ఆఖరున దిగింది కామాక్షే, నిచ్చెన అలాగే వదిలేసింది. సార్ కామాక్షి తల్లి వైపు తిరిగి, “నీ చేపల నీడ పడి వరస మొత్తం మూగబోయిందమ్మా, అందుకే ఫ్యాను తిరగలా. అంతకంటే నాకు బయమేందంటే, ఆ వైరు ఎక్కడన్నా చీలి ఉంటే నువ్వు ఆ పైన్నే పోయేదానివి” అన్నారు. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా ఆ కరెంటు గురించి తన కూతురు ఏమీ చెప్పలేదన్నమాట.

మర్నాడు ఎండ ఎక్కకముందే వెళ్ళి ప్యానెళ్ళన్నీ కడగమని కామాక్షికి శిక్ష వేశారు. తానూ వెళ్ళి పక్కన నిలబడి కడిగారు. నెత్తళ్ళ జిడ్డు, వాసన రెండూ అంత తేలిగ్గా వదల్లేదు. ఆ తల్లి ఆయనకి టీ తెచ్చి ఇచ్చిందనీ, ఆయన గ్లాసుని వెనక చేత్తో తాకి చూసి తీసుకుంటే ‘ఈ మనిషి నా టీని గూడా నమ్మడం లేదే’ అని ఊరంతా చెప్పుకుందనీ తర్వాత కామాక్షే చెప్పింది.

ఇంటర్వ్యూ అయ్యాక ఉద్యోగం అనంతపురం అవతల సోలార్ పార్కులో అని తేలింది. పిల్ల ఎగిరి గంతేసింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. వాళ్ళ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. ఊరి నుంచి ఎవరినైనా పరాయి చోటికి పనికి తీసుకుపోయేవాడు, పడవ పనికైనా సరే, పెద్దకాపుల ముందు, అంటే ఊరి పెద్దల ముందు నిలబడి ‘పూచీ నాది’ అనాలి. ఆ మాట అన్నాకే పంపిస్తారు. అప్పటిదాకా మగపిల్లలే వెళ్ళారు. ఆడపిల్ల వెళ్ళడం ఇదే మొదలు. ఈ ఒక్కపిల్లకి దారి ఇస్తే, వెనక ఇంకా నలుగురైదుగురు ఆడపిల్లలు సెంటర్లో చేరడానికి కాచుకుని ఉన్నారని కామాక్షే నాకు చెప్పింది. అన్నిటికీ మించి ఆ పిల్ల ఆశ. కొత్త బూట్లు కొనుక్కుని ఇంట్లో దాచుకుందట.

సార్, నేను, మేనేజరు ముగ్గురం వెళ్ళాం. సాయంత్రం, ఆ వలల షెడ్డులోనే పెద్దలు కూర్చున్నారు. పైన మా ప్యానెళ్ళు, కింద మా ఫ్యాన్ల గాలి. ఇంతకంటే మంచి చోటు ఏముంటుందని లోపల్లోపల సంబరపడ్డాను. పెద్దకాపు పెద్ద వయసువాడు, నెమ్మదస్తుడు. అన్నీ విన్నాడు. జీతం సంగతి, ఆడపిల్లల హాస్టలు సంగతి మేనేజరు చక్కగా చెప్పాడు. చివరికి పెద్దకాపు సార్ వైపు తిరిగాడు.

“అంతా బాగుండాది సారూ. నేర్పినోడివి నువ్వు. పిల్లకి ఏమీ కాదని పూచీ నీదేనా?”

ఒక్క మాట. ఔను అంటే పని అయిపోతుంది. పక్కన మేనేజరు ఊపిరి బిగబట్టాడు. ఆడవాళ్ళ వెనక నిలబడిన కామాక్షి ఆయన్నే చూస్తోంది.

“పూచీ ఇయ్యలేనన్నా” అన్నారు ఆయన. “కరెంటు పని. ఏమీ కాదని నేను చెప్పలేను. మా ప్లాంటులో నాకంటే బాగా పని తెలిసినోళ్ళు పోయినారు. ఎండదెబ్బ ఉండాది, పాములుండాయి. నాకు తెలిసిందంతా ఆ పిల్లకి నేర్పినాను. బాగా నేర్చుకునింది. అంతవరకే నా మాట.”

పెద్దకాపు తలూపి, “అయితే మేమెట్టా పంపేది సారూ” అన్నాడు. అదే తీర్పు. లేచి తువ్వాలు దులుపుకున్నాడు. కామాక్షి ఏడవలేదు. మా అందరి ముందునుంచి తల వంచుకోకుండా నడిచి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు చెంపదెబ్బలాగే తగిలింది.

తిరుగుదారిలో కారులో నేను ఆయన్ని కడిగేశాను. “ఒక్క మాట సార్! రోడ్డు మీద నడిచినా ఏమైనా కావచ్చు. అలాంటి మాటకి అంత లెక్కేమిటి? పిల్ల బతుకు ఆగిపోయింది” అన్నాను. మేనేజరు కూడా మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాడు. ఆయన కిటికీలోంచి ఉప్పుకొఠార్ల వైపు చూస్తూ కూర్చున్నారు. “చెయ్యలేని పని చేస్తానని ఎట్టా చెప్పేది టీచరమ్మా?” అన్నారు. ఆ గొంతులో మొండితనం లేదు, నిజంగా నన్ను అడుగుతున్నట్టే ఉంది. నేను కోపంలో రెండో వైపు కిటికీకి తిరిగి కూర్చున్నాను.

కామాక్షి సెంటరుకి రావడం మానేసింది. కంపెనీవాళ్ళు చేరమన్న తేదీ దగ్గర పడింది. ఆ రోజుల్లో ఆయన క్లాసులో ఎవరినీ తిట్టలేదు, మజ్జిగ తేవడం మరిచిపోయారు, ‘పాళెం’ అని పిలవబోయి రెండు మూడుసార్లు ఆగిపోయారు. నాకు జాలి వేసింది. అయినా పలకరించలేదు. నా కోపం అంత తొందరగా చల్లారే రకం కాదు.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఖాళీ గంపతో కామాక్షి తల్లి నిలబడి ఉంది. ముత్తుకూరులో చేపలు అమ్ముకుని నేరుగా వచ్చినట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన అన్నం ముందునుంచి లేచి వచ్చారు.

“రొయ్యల గుంటలు తవ్వేటప్పుడు వొచ్చినోళ్ళు మీకేమీ కాదన్నారు సార్. మా బావి నీళ్ళు ఉప్పగైపోయినాయి” అంది ఆమె. “నా మరిదిని పడవ పనికి తీసకపోయినోడు పూచీ నాదన్నాడు, ఆ షెడ్డులోనే, అందరి ముందర. నా మరిది తిరిగి రాలా. పూచీ ఇచ్చినోడూ మళ్ళా కనబళ్ళా. ఆ మాట అనినోళ్ళని చానామందిని చూసినాం. ఇయ్యను అనినోణ్ణి నిన్నొక్కణ్ణే చూసినా.”

ఆయన ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డారు.

“నువ్వు చెప్పినవన్నీ, ఆ ఎండా, పాములూ, ఆ ఆగని కరెంటూ, అవన్నీ నా బిడ్డకి తెలుసా?”

“తెలుసమ్మా. మొదటి రోజే చెప్పినా.”

“తెలిసే పోతానంటుండాదా?”

“తెలిసే.”

ఆమె గంపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. “అయితే పోనీ. ఇంట్లో తిండి తినడం లా, దాని మొగం చూళ్ళేకుండా ఉండా. పెద్దలకి నేను చెప్పుకుంటా. పూచీ నాదని నేనే నిలబడతా. కన్నదాన్ని, నన్ను కాదనేవోడు ఎవుడు?”

ఆ పాళెంలో ఒక ఆడమనిషి పెద్దల ముందు నిలబడి ఆ మాట అనడం అంతకుముందు ఎవరూ ఎరగరట. ఆమె నిలబడింది, అంది. పెద్దకాపు కాదనలేదు. కామాక్షి కొత్త బూట్లు వేసుకుని బస్సెక్కింది. సార్ బస్టాండుకి రాలేదు. నేనే వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చున్న ఆ పిల్ల, “సార్‌తో నేను ఇంకా మాట్లాడలా మేడమ్. కోపం పోలా. అయినా మీరు చెప్పండి, నిచ్చెన పండుకోబెడతా అని” అంది. చెప్పాను. ఆయన తలూపి, ముఖం అటు తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఆ నలుగురైదుగురు ఆడపిల్లలూ వచ్చి చేరారు. కామాక్షికి కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. సెలవుకి వచ్చినప్పుడు సెంటరుకి వచ్చి, ఆయన క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని వెళ్ళేది. నేను కొన్నాళ్ళకి నెల్లూరు వచ్చేశాను. ఆయన గురించి నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. నిజాయితీ గల మనిషి, కానీ గుండె కొంచెం గట్టిది. పూచీ ఇయ్యలేనని నిలబడి చెప్పగలిగినవాడు, ఇంటికి పోయి హాయిగా నిద్రపోగలడు కూడా అనుకున్నాను.

పోయిన వేసవిలో కబురు తెలిసి ముత్తుకూరు వెళ్ళాను. ముందు రోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవారు మళ్ళీ లేవలేదు. వాకిట్లో షామియానా, దాని కింద ఎక్కడెక్కడినుంచో వచ్చిన పిల్లలు. చాలామంది పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నారు, బూట్లు, మాసిన చొక్కాలు. కామాక్షి ఇంకా బస్సులోనే ఉందన్నారు. నేను అరుగు మీద ఒక పక్కగా కూర్చున్నాను. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే కామాక్షి తల్లి.

“ఆయన ప్రెతిరోజూ నాకు ఫోన్ చేసేవాడు మేడమ్” అంది.

“మీకా? ఎందుకు?”

“ఎందుకేముంది. బిడ్డ పోయినకాణ్ణించి, పొద్దుగూకేటప్పుడు, వాళ్ళ డ్యూటీ దిగే వేళకి. ‘పాప ఫోన్ చేసిందా అమ్మా’ అంటాడు. చేసింది సార్ అంటే పెట్టేస్తాడు. ఇంకొక మాట ఉండదు. ఇంకా చెయ్యలా అంటే రవ్వంతసేపటికి మళ్ళా చేస్తాడు. నేరుగా దానికే చెయ్యి సార్ అంటే, పని కాడ దాన్ని బయపెట్టినట్టుంటాది, వొద్దమ్మా అనేవాడు. దానికి చెప్పొద్దని గూడా అన్నాడు.”

ఆ కారులో నేను అన్న మాటలన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, లోపల ఆయన్ని పడుకోబెట్టిన గది వైపు చూస్తూ, మెల్లిగా అంది.

“నిన్న పొద్దుగూకినాక గూడా ఫోన్ రాలా. నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. నా బిడ్డకేమో అయింది, ఆయనకి తెలిసిపోయింది, నాకు చెప్పలేక చెయ్యడం లా అనుకున్నా. దానికే చేసినా. ఎత్తింది. బాగుండా మా, ఇప్పుడే డ్యూటీ దిగినా అనింది. అమ్మయ్య అనుకోని, గమ్మున పోయి అన్నం తిన్నా. ఆయనకే ఏమన్నా అయ్యుంటాదని నాకు తట్టనే లేదు తల్లీ.”